రాజేశం కాక రోజూ నడిపిన కారు

ఉట్నూర్‌లో వాన పట్టిందంటే ఓ పట్టాన వదలదు. అలాంటి రోజుల్లో పొద్దున కాలేజీకి బయల్దేరి కారు తలుపు తీయగానే లోపలి నుంచి ఒక వాసన ముక్కుకు తగులుతుంది. తడిసిన మ్యాట్ల వాసన, పాత తోలు సీట్ల వాసన, వాటి అడుగున ఎక్కడో ఉడకబెట్టిన పసుపు వాసన. ఎండాకాలంలో అది ఉండదు. ఎన్నిసార్లు కడిగించినా వానలు మొదలుకాగానే సీట్ల కింది నుంచి మళ్లీ లేచి వస్తుంది. అప్పుడు నేను వెంటనే ఇంజన్ స్టార్ట్ చేయలేను. కాసేపు స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుంటాను. మా విద్యార్థులకు ఇది మేడం గారి నీలం కారు. ఇంత సోకైన కారును ఈ అడవి రోడ్ల మీద ఎందుకు తిప్పుతారని అడిగే వాళ్లు కూడా ఉన్నారు. ఇందులో పసుపు బస్తాలు మోసిన మనిషి గురించి వాళ్లకు తెలియదు.

మెట్‌పల్లిలో మా ఇంటి గోడను ఆనుకునే రాజేశం కాక ఇల్లు ఉండేది. మా మధ్య రక్తసంబంధం లేదు. మా నాన్న కంటే వయసులో పెద్దవాడే అయినా వాడకట్టు పిల్లలందరికీ ఆయన కాకే, అంటే బాబాయే. నాన్నను నేను బాపు అని, అమ్మను అవ్వ అని పిలుస్తాను. బాపు మస్కట్‌లో కట్టడాల పనిలో ఉండేవాడు. కాక దుబాయ్‌లో ఒక పెద్దింటి డ్రైవరు. సెలవు దొరికినప్పుడు వచ్చి, పెట్టె సర్దుకుని మళ్లీ వెళ్లిపోయేవాడు. ఆయన వయసంతా దాదాపు అలాగే గడిచింది. పిల్లలు లేరు. ఆయన భార్య నర్సవ్వ చిన్నమ్మ ఒక్కతే ఆ ఇంట్లో బర్రెలను చూసుకుంటూ, కూలీలను పెట్టి పసుపు పండిస్తూ ఉండేది. నేను డిగ్రీ చదివే రోజుల్లో కాక ఇక తిరిగి పోనని చెప్పి వచ్చేశాడు. వచ్చిన కొన్నాళ్లకే హైదరాబాద్ వెళ్లి, ఎవరో వాడిన కారు ఒకటి కొని, తానే నడుపుకుంటూ తెచ్చాడు.

అలాంటి కారును మా వాడకట్టులో ఎవరూ అంతకుముందు చూడలేదు. నేలకు ఆనుకున్నట్టు ఉండేది. రెండే తలుపులు. వెనక సీటు పేరుకు మాత్రమే. స్టార్ట్ చేస్తే మా ఇంటి కిటికీ రేకులు అదిరేవి. దాన్ని పెళ్లిళ్లకో పండుగలకో బయటికి తీస్తాడని అంతా అనుకున్నారు. మర్నాడు పొద్దున చూస్తే కాక అందులో పాల క్యాన్లు పెట్టుకుని బజారుకు పోతున్నాడు. ఆ తరువాత దాణా వచ్చింది, యూరియా వచ్చింది, పసుపు బస్తాలు వచ్చాయి. ముందు సీట్లో కూర్చోబెట్టిన బస్తా పడిపోకుండా దానికి సీటు బెల్టు పెట్టేవాడు. స్పీడ్ బ్రేకర్ వస్తే కారు కడుపు గీసుకోకుండా ఏటవాలుగా, ఒక్కో చక్రాన్నే ఎక్కించి దింపేవాడు. వెనకాల లారీలు హారన్ కొడుతున్నా తొందరపడేవాడు కాదు.

ఒకరోజు మా అవ్వ ఉండబట్టలేక అడిగింది. "గిసొంటి కారును గిట్ల మట్టిల తిప్పుతరా బావా? మంచిగ కప్పి పెట్టుకోరాదు?"

కాక బకెట్లో గుడ్డ పిండుతూ నవ్వాడు. "దుబాయ్‌ల మా సేటు దగ్గర గిసొంటిదే ఉండె. గుడ్డ కప్పి పెట్టిండు. రోజు పొద్దుగాల గుడ్డ తీసి, తుడిచి, జరసేపు ఇంజన్ చాలు చేసి, మల్ల కప్పుడే నా పని. ఒక్కనాడు రోడ్డెక్కలే. నడవక నడవక టైర్లు పగిలినయ్, రబ్బర్లు ఎండినయ్. గది చూస్తె నా పానం ఉసూరుమనేది."

అరుగు మీద పసుపు కొమ్ములు ఏరుతున్న నర్సవ్వ చిన్నమ్మ తల ఎత్తకుండానే అంది. "నువ్వు నన్ను గూడ గట్లనే పెట్టి పోయినవ్ గదా."

కోపంగా అనలేదు. బర్రె పాలు తగ్గాయని చెప్పినట్టు చెప్పింది. కాక చేతిలోని గుడ్డలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. మా అవ్వ ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్లిపోయింది.  మర్నాటి నుంచి పాల క్యాన్లు వెనక్కి పోయాయి. ముందు సీట్లోకి చిన్నమ్మ వచ్చింది. చేనుకైనా, అంగడికైనా, కోరుట్లలో చుట్టాల ఇంటికైనా ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. మొదట్లో ఆమె సిగ్గుతో కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. కొన్నాళ్లకు అద్దం దించి, ఎదురైన వాళ్లను తానే పలకరించేది.

ఆయనకు ఆ కారంటే లెక్కలేదని కాదు. ఒకసారి మార్కెట్ యార్డు దగ్గర ఒక ఆటో దాని తలుపును పొడుగునా గీకింది. నేను అక్కడే ఉన్నాను. ప్యాసింజర్లను లోపలే ఉంచి ఆటో ఆయన దిగి చేతులు జోడించాడు. కాక ఆ గీత మీద వేలు పోనిచ్చి, ఆయన వైపు తిరిగి, "నీకేం తాకలే గదా? రోడ్డు మీద తిరిగేదానికి గీతలు పడయా? ఫికర్ చేయకు, పో. నీ సవార్లు ఎదురుచూస్తున్నరు," అన్నాడు. ఆ సాయంత్రం నేను మా డాబా మీద బట్టలు తీస్తుంటే, కాక ఒక్కడే ఆ తలుపు పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. చిన్న పిల్లకు దెబ్బ తగిలిన చోట నిమిరినట్టు ఆ గీతను నిమురుతున్నాడు. ఇష్టమైన వస్తువును వాడటానికి కూడా గుండె ధైర్యం కావాలని నాకు మొదటిసారి అర్థమైంది అప్పుడే.

తరువాత చిన్నమ్మకు కాళ్లు వాయడం మొదలైంది. జగిత్యాలలో డాక్టరు చూసి కరీంనగర్ పంపించాడు. రెండు కిడ్నీలూ పాడయ్యాయన్నారు. వారానికి మూడుసార్లు డయాలిసిస్. అప్పట్లో దానికి మాకు కరీంనగరే దిక్కు. అంత దూరం పోవాలి, గంటల తరబడి మిషన్ దగ్గర పడుకోవాలి, తిరిగి రావాలి. అంత కిందికి ఉన్న సీట్లోకి దిగడం, అందులోంచి లేవడం ఆమెకు నరకంలా ఉండేది. చిన్నమ్మ తమ్ముడు పెద్దపల్లి నుంచి వచ్చి గట్టిగానే చెప్పాడు. "బావా, గీ షోకు బండిని తీసెయ్. ఎత్తుగ ఉండే కారు కొను. అక్క పరేషాన్ అయితుంది."

 కాకకూ అదే న్యాయమనిపించినట్టుంది. కారు కొనడానికి ఎవరో నిజామాబాద్ నుంచి వస్తారని కూడా తెలిసింది. ఆ రోజు చిన్నమ్మకు పళ్లరసం ఇద్దామని నేను వెళ్తే, ఆమె మంచం మీద కూర్చుని తమ్ముడితో అంటోంది.

"కారు ఎవలికి అమ్ముతరో అమ్ముకోండ్రి. నేను మాత్రం ఇగ దవాఖానకు రాను."

"గదేం మాట అక్కా?"

"మొన్న అంబులెన్సుల తీస్కవోతె నేను సచ్చినదానోలెనే ఉన్న. గీ కారుల కూసుంటె రోగం యాదికి రాదు. యాడికో తిరుగవోతున్నట్టు ఉంటది. ఎన్కకు వాలితె మీద మొగులు కనవడ్తది, చెట్ల కొసలు కనవడ్తయ్. నాకు పోయొచ్చే గీ జరంత తొవ్వ అన్న ఉండనియ్యి తమ్మీ."

తమ్ముడు తల వంచుకున్నాడు. గడపలో నిలబడి విన్న కాక జేబులోంచి ఫోన్ తీసి, వస్తున్న వాళ్లను రావద్దని చెప్పాడు. ఆ సాయంత్రమే వడ్రంగి ఆయనతో ఒక వెడల్పు పీట చేయించాడు. చిన్నమ్మ ముందు పీట మీద కూర్చునేది. కాక ఆమె నడుముకు చేయి అడ్డంపెట్టి సీట్లోకి జరిపి, తరువాత రెండు కాళ్లనూ ఎత్తి లోపల పెట్టేవాడు. దిగేటప్పుడు అదే వరస తిరగేసి. హాస్పిటల్ ముందు జనం చూస్తుండేవాళ్లు. ఆయన ఎవరి వైపూ చూసేవాడు కాదు.

కొన్నాళ్లకు కాకకు కంట్లో పొర వచ్చింది. ఆపరేషన్ చేయించుకోవాలంటే కొన్ని వారాలు బండి ముట్టకూడదు. ఒక పొద్దున మా ఇంటికి వచ్చి అవ్వతో, "బిడ్డకు కారు నడుపుడు నేర్పిస్త," అన్నాడు. అవ్వ ఇబ్బందిగా నా వైపు చూసింది. మస్కట్‌లో ఉన్న మనిషిని అడగాలంది. "తమ్మిని నేను అడిగిన. సరే అన్నడు," అన్నాడు కాక.

చేన్ల మధ్య డొంకలో నేర్పాడు. గేర్లూ బ్రేకులూ ఎవరైనా చెబుతారు. ఆయన చెప్పింది వేరు. "నీ పక్కకు కూసున్నోళ్ల మెడ చూడు బిడ్డా. మెడ ముంగటికి ఊగిందంటె నువ్వు బ్రేక్ తప్పు కొట్టినట్టు. మీ చిన్నమ్మ మిషన్ మీదికెల్లి లేసినంక కడుపుల తిప్పుతది, కండ్లు తిరుగుతయ్. గా మనిషి మెడ ఊగద్దు." అంత వేగం దాచుకున్న ఇంజన్‌ను నిండు కుండ మోసినట్టు నడపడం నాకు అలా వచ్చింది.

ఆపరేషన్ అయ్యాక కాక నల్లద్దాలు పెట్టుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనేలా ఆ వెనక సీట్లో ఒదిగి కూర్చున్నాడు. నేను నడిపాను. కరీంనగర్ దాకా ఆయన ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. తిరిగి వచ్చేటప్పుడు కొండగట్టు దాటాక చిన్నమ్మ ముఖం పాలిపోయింది. కారు పక్కకు తీసి ఆపాను.  ఆమే నా చేయి పట్టుకుని, "నాకేం కాలే బిడ్డా, జర గాలి తగలనియ్యి. మంచిగనే నడుపుతున్నవ్," అంది. వెనక నుంచి కాక చేయి వచ్చి ఆమె భుజం మీద నిలిచింది.  జొన్న చేలోంచి గాలి వస్తోంది.

ఒక వానాకాలం మధ్యాహ్నం హాస్పిటల్లోనే చిన్నమ్మ ప్రాణం పోయింది. కబురు తెలిసి నేను బస్సులో వెళ్లాను. ఆమెను అంబులెన్సులో ఎక్కించారు. తమ్ముడు అందులో కూర్చున్నాడు. కాక కారు తాళం నా చేతిలో పెట్టి, ఆమె కూర్చునే సీట్లో కూర్చున్నాడు. నాకు నడపడం నేర్పిన రోజుల తరువాత ఆయన ఆ సీట్లో కూర్చోవడం అదే మొదటిసారి.  గంగాధర ఊరు దాటాక ఆయన తల మెల్లగా వెనక్కి వాల్చి పైకి చూశాడు. వాన వెలిసి ఆకాశంలో మబ్బులు విడిపోతున్నాయి.

"గిట్ల కనవడ్తదా దానికి," అన్నాడు. "గిన్ని దినాలు నేను రోడ్డే చూసిన బిడ్డా."

ఆ తరువాత ఆయన ఏడ్చాడు. నేను ఆపలేదు. కారును కూడా ఆపకుండా, ఆయన మెడ ఊగకుండా ఇంటిదాకా నడిపాను.

దినాలు అయిపోయాక అందరూ అనుకున్నట్టు ఆయన దాన్ని అమ్మలేదు, కప్పి పెట్టనూ లేదు. పొద్దున్నే పాలు పట్టుకుని బజారుకు పోయాడు. ముందు సీటు ఖాళీగా ఉంచడం ఇష్టంలేదేమో, దారిలో నడిచిపోయే ముసలివాళ్లు ఎవరు కనిపించినా ఆపి ఎక్కించుకునేవాడు. ఆ పీట కారులోనే ఉండేది. వాళ్లకు పనికొచ్చేది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మస్కట్ నుంచి బాపు ఫోన్ చేస్తే, మాట మధ్యలో మా అరుగు మీద కూర్చున్న కాక ఫోన్ ఇమ్మని చేయి చాపాడు. "తమ్మీ, ఇంగో యాడాది, ఇంగో యాడాది అనుకుంట నేను గూడ ఉన్న. ఇంటికొచ్చినంక నాకు దొరికింది శాన తక్కువ. నీ ఇష్టం. నేను చెప్పేది చెప్పిన," అని ఫోన్ నాకు తిరిగి ఇచ్చేశాడు.  నేను కూడా, "రా బాపూ," అన్నాను. అంతకు ముందు ఎప్పుడూ ఆ మాట అడగలేదు. ఇంటి కోసమే అక్కడ ఉన్నవాణ్ని రమ్మనడం తప్పనుకునేదాన్ని.

నాకు ఉట్నూర్‌లో ఉద్యోగం వచ్చిన ఏడాది కాకకు ఆపరేషన్ చేసిన కన్నుతో పాటు రెండో కన్ను కూడా మసకబారింది. కారు నాకు ఇచ్చేస్తూ ఒక్క షరతూ పెట్టలేదు. కొన్నేళ్లకు, నాకు పెళ్లయి కూతురు పుట్టాక, ఒకసారి మాత్రం కారును చూడటానికి ఉట్నూర్ వచ్చాడు. అద్దాల దాకా బురద, బంపరు మీద సొట్ట, వెనక సీట్లో నా కూతురి బిస్కెట్ పొడి. ఆయన కళ్లకు అవేవీ సరిగ్గా ఆనలేదు. అప్పుడే ఆపిన ఇంజన్ మీద అరచేయి పెట్టి, ఆ వేడి తెలిశాక తీశాడు. "మంచిగ తిరుగుతున్నది," అన్నాడు. పోయిన చలికాలం ఆయన కూడా పోయాడు.

బాపు ఆ ఫోన్ తరువాత వచ్చే పండుగ దాకా ఆగకుండా వచ్చేశాడు. ఇప్పుడు మెట్‌పల్లిలోనే ఉన్నాడు. నేను శనివారాలు వెళ్తాను. ఒక్కోసారి తలుపు దగ్గరికి వెళ్లేసరికి లోపల అవ్వ ఆయనతో గొడవ పడుతూ ఉంటుంది. చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసుకున్నాడనో, తడి తువ్వాల మంచం మీద పడేశాడనో. బాపు కూడా తగ్గడు. నేను చెప్పులు విప్పి, వాళ్లకు వినపడకుండా, నా చిన్నప్పుడు ఈ ఇంట్లో వినని ఆ మాటలు వింటూ కాసేపు బయటే నిలబడతాను. ఆ గొడవ అయిపోయాకే లోపలికి వెళ్తాను.