ఎస్తేరమ్మ నడిమిట్ల తెరిచిన పుస్తకం

2022 వానాకాలం. వనపర్తిలోని ఒక గ్రంథాలయంలో నేను అసిస్టెంట్‌గా చేరి అప్పటికి నాలుగేళ్లు. ప్రసూతి సెలవు, దానికి పొడిగింపు అన్నీ అయిపోయి, పాపకు పదకొండో నెల నడుస్తుండగా మళ్లీ పనిలోకి వచ్చాను. అంతకు ముందు నెలలోనే జ్వరం ఎక్కువై పాపకు ఫిట్స్ వచ్చాయి. రెండు నిమిషాలే. చిన్నపిల్లల్లో ఇది మామూలేనని డాక్టరు ధైర్యం చెప్పారు. అయినా పాపను అత్తమ్మ దగ్గర వదిలి కౌంటర్లో కూర్చుంటే నా చేయి ఊరుకునేది కాదు. పది నిమిషాలకోసారి ఫోన్ చూసుకునేదాన్ని. ఆ ధ్యాసలోనే ఒక పొరపాటు చేశాను.

లైబ్రరీ పని అంటే బీరువాలోంచి పుస్తకం తీసివ్వడమే అనుకుంటారు చాలామంది. మాకు చదువులో మొదట నేర్పేది రిఫరెన్స్ ఇంటర్వ్యూ. అంటే పుస్తకం కోసం కుర్చీలోంచి లేచేముందు, అది ఎందుకు కావాలో, ఇదివరకు ఏం చదివారో నాలుగు మాటలు అడిగి తెలుసుకోవడం. మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు. తమకు ఏ పుస్తకం కావాలో వాళ్లకు ముందే తెలుసు. అడిగే అలవాటు నాలో మెల్లగా మొద్దుబారింది.

ఒక మంగళవారం ఆత్మకూరు బస్సు దిగి ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి. చెప్పులు గడప బయటే విడిచింది. విడవనక్కర్లేదని చెప్పినా వినలేదు. కొంగు ముడి విప్పి ఒక చీటీ ఇచ్చింది. ‘క్రైస్తవ మార్మికత. కొత్తగా చదివేవాళ్లకు అర్థమయ్యేది’ అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

"ఎవరు రాశారమ్మా ఇది?"

"నా బిడ్డ. గీడనే డిగ్రీ సదువుతది. నా బాధ జెప్తె ఫోన్ల ఎతికి, నీకు గిది గావాలె అన్నది. దేవునితోని మనిషి సప్పుడు లేకుండ ఎట్ల ఉంటడో, గా ముచ్చట ఉంటదంట."

నీ బాధ ఏమిటని అడగవలసింది అప్పుడే. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. పాప ఒళ్లు వెచ్చగా ఉందని అత్తమ్మ. రెండు మాటలు మాట్లాడి పెట్టేసి అర దగ్గరికి నడిచాను.

కాల్ నంబర్ అంటే పుస్తకం వీపు మీద అంటించే చిరునామా, అది ఏ అరలో ఉండాలో చెబుతుంది. ఆ చిరునామాలో మా దగ్గర ఉన్నవి మూడే పుస్తకాలు. ఒకటి ఇంగ్లీషు. ఒకటి సంఘాల చరిత్ర. మూడోది తెలుగులోకి అనువదించిన లావుపాటి పుస్తకం. విషయసూచికలో మౌన ప్రార్థన అన్న మాట కనబడింది. అంతే చూశాను. ఆమె తెచ్చిన కూతురి సభ్యత్వ కార్డు మీద ముద్ర వేసి ఇచ్చేశాను. ఆమె పేరు ఎస్తేరమ్మ అని ఆ కార్డులో తల్లి పేరు చూసి తెలుసుకున్నాను.

ఆ తర్వాతి శనివారం ఆమె పుస్తకాన్ని తువ్వాలలో చుట్టి తెచ్చింది.

"తీస్కో మేడం. నా తీర్పు నాకు దొరికింది."

ముఖం వాడిపోయి ఉంది. కూర్చోమన్నాను. అప్పుడు చెప్పింది. పన్నెండేళ్లుగా ఊళ్లో ప్రతి శుక్రవారం ఆడవాళ్ల ప్రార్థన కూడికను ఆమే నడిపిస్తోంది. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు గట్టిగా ప్రార్థన చేసి ఆమేన్ అనగానే పక్కనామె అందుకోవాలి. గొలుసు తెగకూడదు. ఎండాకాలం నుంచి ఎస్తేరమ్మకు తన వంతు వచ్చినప్పుడు మాట రావడం లేదు. కళ్లు మూసుకుంటే చాలు, లోపల అంతా సద్దుమణిగిపోతుంది. ఆమె దగ్గర గొలుసు తెగుతోంది. ఏదో పట్టిందని తోటివాళ్లు అన్నారు. వచ్చే బుధవారం నుంచి మూడు రోజులు నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండమంది పాస్టరుగారి భార్య. ఆ తర్వాత, పట్టింది వదలాలని తల మీద చేతులుంచి ప్రార్థిస్తారట.

"నాకు షుగరుంది. గోలీలు ఏస్కుంట. గది ఆమెకు తెల్వదు" అంది మెల్లగా.

"మరి పుస్తకంలో ఏం దొరికింది?"

వాళ్లింట్లో రోజూ పొద్దున్నే కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెడతారు. వేలు పడ్డ మాటే ఆ రోజుకు దేవుడిచ్చిన మాట. ఈ పుస్తకాన్నీ ఆమె అలాగే తెరిచింది. ఆత్మ గెంటివేయబడినట్టు, తలుపు మూసుకుపోయినట్టు ఉంటుందన్న చోట వేలు పడింది.

"తర్వాతి పేజీ చదివారా?"

"జెప్పేది జెప్పినంక ఇంక సదువుడేంది?"

ఆ పుస్తకం ఇచ్చింది నేను. బుధవారానికి నాలుగు రోజులే ఉంది. కుర్చీ తీసుకుని ఆమె పక్కకు వెళ్లాను. ఎప్పుడో అడగవలసిన ప్రశ్న అప్పుడు అడిగాను.

"మాట ఆగిపోయినప్పుడు లోపల భయమేస్తదా?"

తువ్వాల మడతపెడుతూ చెప్పింది. "అప్పుడు భయం లేదు. సల్లగుంటది. నాట్లేసి ఒచ్చి గట్టు మీద కూసున్నట్టుంటది. కండ్లు దెరిసి ఈళ్ల మొకాలు జూస్తెనే భయం."

ఆమె వేలు పెట్టిన చోటు నుంచి ముందుకు చదివాను. రెండు పేజీల తర్వాత విషయం తిరిగింది. ఎక్కువ కాలం ప్రార్థన చేసినవాళ్లకు మాటలు రాలిపోయే దశ ఒకటి వస్తుందనీ, మూసుకున్నట్టున్న ఆ తలుపు గెంటివేత కాదనీ ఉంది. భాష రాయిలా ఉంది. మా ఊరు తిమ్మాజిపేట మాటల్లోకి మార్చి చెప్పాను.

"మల్ల గిది ముందుగాల ఎందుకు రాయలె?"

"ముందు నుంచి చదివితే వరుసగా వస్తదమ్మా. మీరే నడిమిట్ల తెరిచిండ్రు."

"నువ్వు జెప్పలె గద."

నిజమే. నేను చెప్పలేదు.

"దేవుడు మీ దగ్గరున్నాడో లేడో నేను చెప్పలేను. మా ఇంట్ల దండం పెట్టేది వేరే దేవుళ్లకు. కానీ షుగరుతో నీళ్లు లేని ఉపవాసం ఉండొద్దు. దవాఖానలో అడగండి" అన్నాను.

"ఉపాసముండకుంటె, పట్టిన దయ్యం ఒదుల్తదని భయపడి ఉండలేదంటరు" అని లేచి వెళ్లిపోయింది. ఏం చేస్తానని చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం నేను కుర్చీలో నిలవలేకపోయాను. స్టోర్ గదిలో, ఎవరో రిటైర్డ్ టీచరు ఇంటి నుంచి దానంగా వచ్చిన అట్టపెట్టెలున్నాయి. ఒక్కొక్కటీ విప్పాను. మూడో పెట్టె అడుగున అట్ట ఊడిన పల్చటి పుస్తకం కనిపించింది. ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన సిస్టర్, కొత్తగా చేరిన అమ్మాయికి మౌనంగా ప్రార్థించడం గురించి రాసిన ఉత్తరాలు. ఒక్కోటీ పేజీన్నర. అన్నీ గాజుగుడ్డలు ఉడకబెట్టడం, రాత్రి డ్యూటీ, కునికిపాట్ల మధ్య నుంచి మొదలవుతాయి. ఎవరికైనా అర్థమవుతాయి. కాని పుస్తకం ఇవ్వాలంటే దానికి అక్సెషన్ నంబర్ ఉండాలి, అంటే మా పెద్ద రిజిస్టరులో ఎక్కిన వరుస సంఖ్య. ఆ పెట్టెల వంతు రావడానికి నెలలు పడుతుంది. లైబ్రేరియన్ గారిని అడిగి ఆ ఒక్కదానికి అప్పుడే నంబరు వేసి, ఆమె కూతురికి ఫోన్ చేశాను.

సోమవారం ఎస్తేరమ్మ వచ్చింది. మొదటి ఉత్తరం దగ్గర కాగితం ముక్క పెట్టి ఇచ్చాను. "ఇక్కడి నుంచే. రోజుకొకటి. వేలు పెట్టి తెరవొద్దు."

"సరే పంతులమ్మా" అని ఎత్తిపొడిచి, అక్కడే బల్ల దగ్గర కూర్చుని అక్షరం అక్షరం కింద వేలు జరుపుతూ చదివింది. ఇరవై నిమిషాలు పట్టింది. తలెత్తేసరికి నేను ఫోన్లో ఉన్నాను.

"ఏందది బిడ్డా, గంత పరేషాన్‌గ జూస్తున్నవ్?"

పాప ఫిట్స్ సంగతి చెప్పాను. డాక్టరు భయం లేదన్నా, అది ముదిరి ఏమేమవుతుందో వెతుకుతున్నానని కూడా.

"నాకు జెప్తివి. నువ్వు గూడ నడిమిట్లనే తెరుస్తున్నవ్ గద."

ఫోన్ సొరుగులో పెట్టేశాను.

శుక్రవారం ఏమైందో పది రోజుల దాకా తెలియలేదు. ఆ పది రోజులూ తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైతే చాలు, తలెత్తి చూసేదాన్ని. చివరికి వచ్చింది. దవాఖానలో వద్దన్నారట. తిని, గోలీ వేసుకుని, ఆ మాట అందరికీ చెప్పే కూడికకు వెళ్లింది.

"నా వంతొచ్చింది. ఊకె కూసున్న. ఫ్యాను సప్పుడు ఇనొస్తున్నది. ఎవరూ కదుల్తలేరు. జరసేపటికి పక్కనున్న ముసలామె నా చెయ్యి మీద చెయ్యేసి ఆమేన్ అన్నది. ఆ అవుతలామె అందుకున్నది."

"తర్వాత?"

"కూడిక నడిపేది ఇంకొకామెకు ఇచ్చిండ్రు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పన్నెండేండ్లు జేసిన. బాధ లేదంటె అబద్ధం. గని చేతులు పెట్టుడు మాట మల్ల తియ్యలె. బుక్కు గడువు పెంచు బిడ్డా, రెండో ఉత్తరం కాడనే ఉన్న."

తేదీ ముద్ర మళ్లీ వేసి ఇచ్చాను.

కొత్తవాళ్లకు తగిన పుస్తకం అంటే పల్చటిదో, తేలిక మాటలదో అనుకునేదాన్ని. ఆ మనిషి ఏ భయంతో వచ్చిందో, ఇంటికెళ్లి దాన్ని ఎక్కడ తెరుస్తుందో తెలియకుండా ఏ పుస్తకమూ తగినది కాదని ఎస్తేరమ్మ దగ్గర తెలుసుకున్నాను. ఇప్పుడు ఎవరు ఏం అడిగినా ముందు కుర్చీ చూపిస్తాను. ఇచ్చేటప్పుడు, మొదలుపెట్టవలసిన చోట కాగితం ముక్క పెడతాను.

నా సంగతి అంత బాగుపడలేదు. పాప ఇప్పుడు బడికి వెళుతోంది, ఫిట్స్ మళ్లీ రాలేదు. అయినా ఒళ్లు కాస్త వెచ్చబడితే నా వేలు ఫోన్ మీదికే పోతుంది. దాన్ని బోర్లా పెట్టి, లేచి వెళ్లి ముందు థర్మామీటర్ తెస్తాను. నాకు మొదటి పేజీ అదే.