రేవులో దిగబడిన కారు

కొత్తగా పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజుల్లో మనిషికి ఎదురుపడ్డవాళ్లందరూ విద్యార్థుల్లాగే కనిపిస్తారు. నేను పాలకొల్లులో ఓ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరి అప్పటికి మూణ్ణెల్లు కూడా కాలేదు. క్లాసులో బలానికీ పనికీ తేడా చెబుతున్నాను. వస్తువు మీద ఎంత బలం పెట్టినా, అది కదలకపోతే దాని మీద జరిగిన పని సున్నా. ఈ ముక్క పిల్లలకు ఎక్కిందో లేదో గానీ నాకు మాత్రం బాగా ఎక్కింది. (తలకి, అని మా అమ్మ సవరణ.)

సరిగ్గా ఆ వారమే గోదావరి అవతల ఓ సంబంధం చూడటానికి మావయ్య, చిన్నాన్న, నేను కారులో బయల్దేరాం. ఫోటో చూసినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఈ అమ్మాయి కాకపోతే ఇంకెవరూ వద్దని మావయ్యకు ముందే చెప్పేశాను. కారుతో సహా పంటు అనే బల్లకట్టు మీద గోదావరి దాటి, అవతలి రేవులో ఒడ్డెక్కబోతుంటే కారు బురదలో దిగబడిపోయింది. మమ్మల్ని తీసుకెళ్లడానికి అమ్మాయి నాన్నగారు, ఆయన తమ్ముళ్లు తెల్లటి పంచెల్లో అక్కడే నిలబడి ఉన్నారు.

“అబ్బాయిగారు దిగకండి, బట్టలు పాడైపోతాయి” అంటూ ఆయన పంచె ఎగ్గట్టి, తమ్ముళ్లతో కలిసి వెనక నుంచి తోయడం మొదలుపెట్టారు. మావయ్య ప్రాణం విలవిల్లాడింది. “పెద్దలు, మీచేత తోయిస్తామేంటండి? వదిలేయండి, వెనక్కి తీసుకుని ఇంకో పక్క నుంచి ఎక్కిస్తాం” అని దిగి, చిన్నాన్నతో కలిసి ముందు నుంచి తోయసాగాడు. “మా రేవుకొచ్చి మీరు చెయ్యేస్తే మా మర్యాద ఏమైపోవాలండి?” అని వెనకవాళ్లు ఇంకాస్త గట్టిగా తోశారు. “అయ్యయ్యో, మీరుండండి” అని ముందువాళ్లు అంతకన్నా గట్టిగా. డ్రైవరు ఎవరి మాట వినాలో తెలియక న్యూట్రల్‌లో పెట్టి చేతులు కట్టుకున్నాడు. మర్యాదలో ఏ వైపువాళ్లూ తగ్గలేదు. కారు అంగుళం కదల్లేదు.

వెనక సీట్లో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న నేను అద్దం దించి, నలుగురికీ ఉపయోగపడుతుందని చెప్పాను. “బలం రెండు వైపులా సమానంగా ఉందండి. కారు కదల్లేదు కాబట్టి దాని మీద మీరెవరూ ఇంతవరకూ ఏ పనీ చేయనట్టేనండి.”

అమ్మాయి నాన్నగారు మోకాళ్ల దాకా బురదతో తలెత్తి చూశారు. “ఏ పనీ చెయ్యలేదంటారా బాబుగారూ?” అని మెల్లగా అడిగారు. లేదనే చెప్పాను. (శాస్త్రంలో మొహమాటం ఉండదు.) చివరికి ఎవరో ట్రాక్టర్ తెచ్చి లాగారు.

సంగతి మాకన్నా ముందే వాళ్లింటికి చేరింది, ఫోన్లున్నాయి కదా. ఏమైనా అడగాలంటే అడగమని పెద్దలు చెబితే, అమ్మాయి పూతరేకుల పళ్లెం నా ముందుకు జరిపి ఒకే ఒక్క మాట అడిగింది.

“అందరూ తోస్తున్నప్పుడు మీరేం చేస్తున్నారండి?”

“కూర్చున్నానండి” అన్నాను.

“అయితే మీరు బలం కూడా పెట్టలేదన్నమాట” అంది, ఎంతో మర్యాదగా.

వారం తిరక్కుండా మరో సంబంధం చూసుకోమని కబురొచ్చింది. చాలా బాధేసింది, కొన్నాళ్లు అన్నం సయించలేదు. ఇప్పటికీ ఏటా ఆ పాఠం దగ్గరికి రాగానే, చొక్కా నలగకుండా కారులో కూర్చున్న ఆ కుర్రాడు కళ్ల ముందుకొస్తాడు. వాడు చెప్పిన సూత్రంలో తప్పేమీ లేదు. తలుపు తీసి, భుజం మీద చెయ్యేసి, “ముందు దిగరా నాయనా” అని చెప్పాలనిపిస్తుంది.