ఎడమ కంటి ఎదుట ఎర్ర లైటు

దయ్యం, గాలి, దిష్టి అనే మాటలు ఎవరైనా నా ముందు అంటే ఒళ్లు మండుతుంది. నమ్మకం లేదని ఊరికే అనడం కాదు, వాటితో నాకు పగ. నా ఎడమ కన్ను పోయింది వాటి వల్లే. అలాంటిదాన్ని ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నానంటే, జరిగినదాన్ని దాచిపెట్టడం కూడా అబద్ధం చెప్పడమే అనిపించి. దీన్ని ఎవరైనా మహిమల ఖాతాలో వేసుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. ముందే చెబుతున్నాను.

మాది తనకల్లు దగ్గర పల్లె. పెళ్లయ్యాక రాయదుర్గం వచ్చి జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో చేరాను. జేబులు కుట్టడం నా పని. చిన్నప్పటి నుంచీ నాకు దూరం చూపు ఆనదు. సోడాబుడ్డి కళ్లద్దాలు లేకపోతే ఎదుటి మనిషి ముఖం కూడా తెలియదు. మా అక్క నారాయణమ్మ కూతురు సుజాతకూ అవే కళ్లు వచ్చాయి. ఆ పిల్ల అద్దాలు చూసి అందరూ నా పోలికే అని నవ్వేవాళ్లు.

ఒకసారి శనక్కాయ పీకే పనికి అక్క దగ్గరికి వెళ్లినప్పుడు నా ఎడమ కంటికి ఒక పక్క నుంచి నల్ల తెర దిగడం మొదలైంది. నొప్పి లేదు, ఎరుపు లేదు. తెర మాత్రం పూటపూటకూ పెరుగుతోంది. ఎవరి దిష్టో తగిలిందని అక్క నన్ను పక్క ఊళ్లో ఒకాయన దగ్గరికి తీసుకుపోయింది. ఆయన్ని అందరూ సామి అంటారు.

ఆ సామి ఇంట్లో పొద్దు గూకే వేళ కూర్చోబెట్టి, నా ఎడమ కంటి ముందు ఆముదం దీపం పట్టుకున్నాడు. దీపాన్నే చూడమన్నాడు. దాన్ని మెల్లగా ఎడమకు జరిపి, అక్కడి నుంచి పైకెత్తి, పైన కాసేపు ఆపాడు. దీపం ఎర్రగా, పొగతో అల్లాడుతూ ఉంది. తర్వాత కంట్లో ఏదో ఆకు పసరు పోసి, తాయెత్తు కట్టి, అమావాస్యకు మళ్లీ రమ్మన్నాడు. అమావాస్య వచ్చేలోగా తెర మొత్తం దిగిపోయింది. ఆ దీపమే నా ఎడమ కన్ను సరిగ్గా చూసిన చివరి వెలుగు.

అనంతపురంలో కంటి ఆసుపత్రికి పోయేసరికి ఆలస్యమైపోయింది. కంటి లోపల వెనక గోడకు అంటుకుని పల్చటి పొర ఒకటి ఉంటుందట. దాన్నే రెటీనా అంటారు. దూరం చూపు బాగా తక్కువున్న వాళ్లకు అది సాగి పల్చబడి, ఎక్కడో ఒక చోట చిరుగుతుంది. ఆ చిరుగులోంచి నీరు దూరి పొర మొత్తం ఊడిపోతుంది. వెంటనే వచ్చి ఉంటే అతికించేవాళ్లం అన్నారు డాక్టరు. ఆ మాట విన్నాక ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని తాయెత్తు తెంపి పారేశాను. అక్క ఏడ్చింది. అక్క మీద నాకు కోపం లేదు. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. నా కోపమంతా ఆ దీపం మీద.

మిగిలిన కన్నును ఆరు నెలలకోసారి చూపించుకోమన్నారు. ఒక్క దఫా కూడా తప్పలేదు. రెటీనా చూసే డాక్టరు బెంగళూరు నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చేవారు. ఆయన లేని రోజుల్లో కంటి లోపలి ఫొటోలు తీసి పెట్టేవాళ్లు. ఆయన వచ్చినప్పుడు వాటిని చూసి, అనుమానం ఉన్న వాళ్లను మాత్రం పిలిపించేవారు.

ఫొటోలు తీసేది బాషా అన్న. నెమ్మదైన మనిషి. కంట్లో చుక్కల మందు వేసి కనుపాప పెద్దదయ్యాక, నల్ల కర్టెన్లు కట్టిన గదిలో మిషన్ ముందు కూర్చోబెడతాడు. గడ్డం ఒక చోట ఆనించి, ఫొటో తీసే కన్నును మిషన్ అద్దానికి ఎదురుగా పెట్టాలి. రెండో కంటి ముందు వంచుకునే కడ్డీకి ఒక చిన్న ఆకుపచ్చ లైటు ఉంటుంది. రెండో కన్ను దాన్ని చూస్తూ ఉంటే ఫొటో తీసే కన్ను కూడా కదలకుండా నిలబడుతుంది. రెండు కళ్లూ కలిసే తిరుగుతాయి కదా. మామూలుగా లైటు నేరుగా పెడతారు, కంటి నడిమి భాగం ఫొటోలో పడుతుంది.

ఒక దఫా డాక్టరు లేని రోజు ఫొటోకు వెళ్లాను. బాషా అన్న అలవాటు కొద్దీ కడ్డీని నా ఎడమ కంటి ముందుకు వంచి, "లైటు చూడక్కా" అన్నాడు. చూశాను. లైటు నిదానంగా ఎడమకు జరిగింది, అక్కడి నుంచి పైకి పోయి ఆగింది. నేను దాని వెంటే చూశాను. అప్పుడు ఫ్లాష్ వెలిగింది.

"ఏమక్కా, నేరుగా చూడమంటే పైకి చూస్తాండావు" అని విసుక్కున్నాడు.

"నువ్వే కదన్నా లైటు పైకి జరిపింది. అది యాడికి పోతే ఆడికే చూస్తాండా."

అతను మిషన్ పక్క నుంచి తల బయటికి పెట్టి నన్ను చూశాడు. "లైటు యాడుందక్కా? నిన్నటి నుంచి అది వెలగడమే లేదు. ఆ పక్క చూస్తావని ఊరికే చెప్పినా."

చేత్తో ఆ కడ్డీ లైటును తడిమాను. చల్లగా, ఆరిపోయి ఉంది. అప్పటి వరకూ నాకు తట్టని సంగతి అప్పుడు తట్టింది. కుడి కన్ను మిషన్ అద్దానికి ఆని ఉంది. నేను లైటు చూసింది ఎడమ కంటితో. కుడి కన్ను మూసి చూశాను. ఏమీ లేదు, ఎప్పటి చీకటే. అప్పుడే రంగు కూడా గుర్తొచ్చింది. నేను చూసిన లైటు ఆకుపచ్చగా లేదు. ఎర్రగా, అల్లాడుతూ ఉంది.

భయం వేసింది. భయం కన్నా ఎక్కువ కోపం వచ్చింది. ఆ దీపం ఈ గదిలోకి కూడా వచ్చిందా అని.

బాషా అన్న మళ్లీ నేరుగా ఫొటోలు తీశాడు. పాడైన ఫొటోను మాత్రం తీసేయలేదు. ఎందుకుంచావని తర్వాత అడిగితే, తనకూ తెలియదన్నాడు.

కొన్నాళ్లకు యూనిట్ పక్కనున్న ఎస్టీడీ బూత్‌కు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. వెంటనే రమ్మన్నారు. బెంగళూరు డాక్టరు కంప్యూటర్లో రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించారు. నేరుగా తీసినదాంట్లో కన్ను శుభ్రంగా ఉంది. పాడైందన్న ఫొటోలో, పైన ముక్కు వైపు అంచున, గుర్రపు నాడా ఆకారంలో ఒక చిరుగు ఉంది. ఈ ఒక్క ఫొటో లేకపోతే ఆరు నెలల తర్వాత రమ్మని పంపేసేవాళ్లమని దాచకుండా చెప్పారు. ఆ ఆరు నెలల్లో ఏమయ్యేదో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆ రోజే లేజర్ పెట్టారు. చిరుగు పాకకుండా చుట్టూ కుట్టు వేస్తున్నట్టు అనుకో అన్నారు డాక్టరు. నాకు బాగా అర్థమైంది. రోజంతా నేను చేసే పని అదే.

లైటు సంగతి ఆయనకూ చెప్పాను. నవ్వలేదు. చూపు పోయిన కంటికి మెదడు అప్పుడప్పుడు లేని వెలుగులు కల్పిస్తుందని చెప్పారు. సరే అన్నాను. మరి సరిగ్గా చిరుగున్న వైపుకే ఎందుకు జరిగిందని అడిగాను. "ఆ మాత్రం అదృష్టం ఉండకూడదా అమ్మా?" అన్నారు. ఫ్లాష్ పడ్డాక కంట్లో మిగిలే మచ్చేమో అని నేనూ అనుకున్నాను. కానీ అది ఆ రోజు మొదటి ఫొటో. అంతకుముందు ఫ్లాష్ పడలేదు. కంప్యూటర్ తెర నా వెనక వైపుంది. తలుపు మూసి ఉంది.

నన్ను చూడటానికి అక్క రాయదుర్గం వచ్చింది. జరిగిందంతా చెప్పాను. ఎర్ర లైటనీ, అది జరిగిన తీరు కూడా ఆ దీపం లాగే ఉందనీ చెప్పాను. దాచలేదు. అక్క రెండు చేతులూ ఎత్తి మొక్కింది.

"ఆ సామి పెట్టిన దీపం ఇంకా ఆరలేదు మే. సుజాతకు కంట్లో మెరుపులు మెరుస్తాండాయంట. అమావాస్యకు దాన్ని ఆయన దగ్గరికి తీసుకపోతా."

మెరుపులంటే ఏమిటో నాకు తెలుసు. పొర లాగుతుంటే మెరుపులు కనిపిస్తాయి. సుజాత అప్పుడు పదో తరగతి.

"అదే దీపం అయ్యుండొచ్చక్కా. నేను కాదనను. ఒక కన్ను తినేసి ఇంకోటి కాపాడితే దండం పెట్టల్లనా? పాపకు రెండు కండ్లుండాయి. రెండూ ఉండల్ల. దాన్ని ఆడికి తీసుకపోతే నేను నీ గడప తొక్కను."

అక్కతో అంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. అక్క రాత్రి అన్నం తినలేదు. తెల్లారి మాత్రం సుజాతను పిలిపించింది.

అనంతపురంలో ముగ్గురం ఆ గదిలోకి వెళ్లాం. లైటు బాగు చేశారా అని ముందే అడిగాను. ఆకుపచ్చగా, కదలకుండా వెలుగుతోంది. సుజాత గడ్డం ఆనించింది. బాషా అన్న లైటు చూడమన్నాడు.

"చిన్నమ్మా, రెండుండాయి. ఏది చూడల్ల?"

బాషా అన్న చెయ్యి ఆగిపోయింది. గదిలో నేను నాలుగు పక్కలా చూశాను. ఉన్నది ఒకటే లైటు.

"రెండోది ఎట్లుండాది?" అని అడిగాను.

"ఎర్రగుండాది. అల్లాడతాండాది."

నా దీపం కథ ఇంట్లో ఎన్నోసార్లు విన్న పిల్ల. విన్నదే కళ్లకు కట్టి ఉండొచ్చు. తలుపు దగ్గర అక్క కళ్లు మూసుకుని ఏదో గొణుగుతోంది. నేను గట్టిగానే చెప్పాను.

"ముందు ఆకుపచ్చది చూడు. ఫొటో తీసినాక ఎర్రది చూడు. అది యాడికి పోతే ఆడికి చూడు. బాషా అన్నా, రెండూ తియ్."

రెండు కళ్లకూ తీశాడు. ఆ రోజు వచ్చి ఉన్న బెంగళూరు డాక్టరు ఆ ఫొటోలన్నీ చూశారు, తర్వాత తానే కూర్చోబెట్టి కళ్లలోకి చాలాసేపు చూశారు. పొర పల్చగా ఉంది, చిరుగు ఎక్కడా లేదు అన్నారు. ఎర్ర లైటు తీసుకుపోయిన చోట కూడా ఏమీ లేదు. బయటికొచ్చాక నేను గోడకు ఆనుకుని ఏడ్చాను.

"సామి కాపలా కాసి పోయినాడు" అంది అక్క.

"కాయనీలేక్కా. ఆరు నెలలకు మళ్లీ ఫొటోకు వస్తాం."

వెళ్తూనే ఉన్నాం. సుజాతకు ఇప్పుడు ఒక్క లైటే కనిపిస్తుంది. ఆ గదిలోకి పోయిన ప్రతిసారీ నేను కుడి కన్ను మూసి, ఎడమ కంటితో కాసేపు చీకటిలోకి చూస్తాను. ఏమీ కనిపించదు. ఆ రోజు కనిపించింది ఏమిటో, చిరుగున్న చోటికే నన్ను ఎందుకు తీసుకుపోయిందో ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసినట్టు చెప్పే వాళ్ల మాట నేను వినను.

అది మళ్లీ వస్తే రానీ. దండం మాత్రం పెట్టను. బాషా అన్నను పిలిచి ఫొటో తీయిస్తాను.