ఆకు రాని ఊళ్లో ఉగాది

మా అమ్మ ప్రతి ఉగాదికీ పూజారితో ఒకే గొడవ పెట్టుకునేది. ఫిజీలోని లౌటోకాలో మా తెలుగువాళ్ల సంఘం హాల్లో ఆయన సంకల్పం చెబుతూ వసంత ఋతువు అనగానే, ముందు వరసలో కూర్చున్న అమ్మ తలెత్తి, "ఏదీ, ఎక్కడుంది?" అని అందరికీ వినబడేలా అడిగేది. హాలంతా గొల్లున నవ్వేది. పూజారి కూడా నవ్వి, ఆపిన చోటి నుంచి మళ్లీ అందుకునేవాడు.

అమ్మ అడిగినదాంట్లో తప్పేం లేదు. ఉగాది వచ్చేసరికి మాకు హరికేన్ల కాలం ఇంకా పూర్తిగా పోదు. బయట వాన, లోపల చెమట. వేప పూత ఎప్పుడో రాలిపోయి ఉంటుంది, పచ్చి మామిడికాయ మార్కెట్లో వెతికినా దొరకదు. అందుకని అమ్మ నవంబరులోనే వేపపువ్వు ఏరి, మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి, రెండూ ఎండబెట్టి పాలపొడి డబ్బాల్లో దాచేది. నాలుగైదు నెలలు ఆ డబ్బాలు బీరువా మీద ఉండేవి. మేం వాటి జోలికి పోతే వీపు విమానం మోతే. బెల్లం బదులు మిల్లు చక్కెర. ఇదీ మా ఉగాది పచ్చడి. చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన తన నాన్నమ్మ అలాగే చేసేదని అమ్మ చెప్పేది. పండగ వచ్చింది గానీ ఋతువు ఓడ ఎక్కలేదు.

నేను టీచర్ని. ముప్ఫై ఏళ్ల పైచిలుకు పిల్లలకు ఋతువుల పాఠం చెప్పాను. వసంతంలో మోడు చెట్లు చిగురిస్తాయని బోర్డు మీద రాసేదాన్ని. ఒకసారి ఒక పిల్ల లేచి, "మోడు చెట్టంటే హరికేన్ తర్వాత చెట్టా, టీచర్?" అని అడిగింది. కాదన్నాను. మరి ఎలా ఉంటుందో చెప్పలేకపోయాను. ఫిజీలో చెట్టు బోడిగా నిలబడిందంటే దాన్ని గాలి దోచుకుపోయిందనే అర్థం. నేనూ వేరే మోడు చూసి ఎరగను.

అలాంటి గాలి నా చిన్నప్పుడు ఒకటి వచ్చింది. ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లో మూడేళ్లో అయింది. అప్పుడు మేం రాకిరాకీలో, పెనాంగ్ మిల్లు దగ్గర చెరుకు పొలంలో ఉండేవాళ్లం. తెల్లారి తలుపు తీస్తే లోకమంతా గోధుమ రంగు. ఒక్క చెట్టుకు ఒక్క ఆకు లేదు. నాన్న పైకప్పు రేకులు వెతకడానికి పోతే, అమ్మ చెట్ల దగ్గరికి పోయింది. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, బొటనవేలి గోరుతో బెరడు మీద చిన్నగా గీరి చూసేది. లోపల పచ్చగా కనిపిస్తే చెట్టు బతికినట్టు. గోధుమ రంగుంటే నాన్న గొడ్డలికి పని. మామిడి బతికింది. చింత పోయింది. వేప దగ్గర అమ్మ రెండు మూడు చోట్ల గీరింది, చివరికి మా ఫిజీ హిందీలో "జిందా హై" అని కేకేసి ఏడ్చేసింది. వేపచెట్టు కోసం మనిషి ఏడవడం అప్పుడే చూశాను.

ఆ గోరుకు చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పని పడింది. అప్పటికి నాన్న లేడు. అమ్మ లౌటోకాలో నా దగ్గరే ఉండేది. నేను రిటైరైన ఏడాది అమ్మ కళ్లకు నీటికాసులని డాక్టరు తేల్చాడు. చూపు చుట్టూ నుంచి మూసుకొస్తోంది, మధ్యలో మిగిలింది ఏడాదికి మించి నిలవకపోవచ్చు అన్నాడు. బొప్పాయి కాడ గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తోందని అమ్మ చెప్పింది. ఏడుపూ లేదు, పెడబొబ్బలూ లేవు. ఇంటికొచ్చాక టీ తాగుతూ ఒక్కటే అంది. "వసంతం ఒకసారి చూడాలి బేటీ. పూజారి చెప్పేది సచ్చో కాదో తెలియాలి."

మా అన్నయ్య కూతురు ఆక్లాండ్‌లో ఒక విమాన సంస్థలో పనిచేస్తుంది. ఆ మాట విని, ఉద్యోగుల కుటుంబాలకిచ్చే టికెట్లు రెండు మాకు ఇప్పించింది. షరతులు మూడు: మార్చి నెలలోనే వెళ్లాలి, యూరప్‌లో ఒక్క ఊరే, ఆరు రోజులే. ఇక ఆ ఊరేదో తేల్చుకోవాలి.

ఆ వారమంతా లౌటోకాలో మాకు సలహా ఇవ్వని మనిషి లేడు. సంఘం హాలు వెనక యంగోనా వేరు రసం గిన్నె చుట్టూ కూర్చున్నవాళ్లు ఒక్కో కొబ్బరిచిప్ప తాగి ఒక్కో ఊరు చెప్పారు. ఒకాయన రోమ్ అన్నాడు. ఇంకొకాయన లండన్ తప్ప యూరప్‌లో ఏముంది అన్నాడు. మార్కెట్ దగ్గర టాక్సీ నడిపే ఫిజియన్ పెద్దాయన ఫ్రాన్స్‌లో తులూజ్ పొమ్మన్నాడు. ఆయన మేనల్లుడు అక్కడ రగ్బీ ఆడతాడట. ఈ సలహాదారుల్లో మా నాడి విమానాశ్రయం దాటినవాడు ఒక్కడూ లేడు.

నాకు మాత్రం అనుమానం లేదు. స్పెయిన్‌లో సెవిల్. మార్చికే అక్కడ వీధుల్లో నారింజ పూత వస్తుందని చదివాను. ఆరు రోజుల్లో వసంతం తప్పకుండా దొరకాలంటే దక్షిణానికే పోవాలి. బడివాళ్లు పారేస్తుంటే తెచ్చుకున్న పాత యూరప్ పటం మంచం మీద పరిచి, సెవిల్ మీద వేలు పెట్టి అమ్మకు చూపించాను. అమ్మ ముక్కు పటానికి ఆనించి చూసింది.

"కాహే కిందకి పోతావు? కింద ఠండా. పైకి పో."

"అమ్మా, అక్కడ పైనే చలి. కింద వెచ్చన."

"ఎండ నార్త్‌లో ఉంటాది. మన ఇంట్లో మిరపకాయ ఎటు ఎండబెడతా? ఠండా గాలి ఎటునుంచి వస్తాది?"

భూమధ్యరేఖకు దిగువన ఉన్న మాకు మిరపకాయలు ఎండేది ఉత్తరం అరుగు మీదే. చల్లగాలి వచ్చేది దక్షిణం నుంచే. అమ్మ ఒంటికి డెబ్బై ఏడేళ్లుగా తెలిసిన సంగతి అది. నేను గ్లోబు తెచ్చాను, టార్చి తెచ్చాను, పిల్లలకు చెప్పినట్టు చెప్పాను. అమ్మ అంతా విని, పటం మీద వేలు పైకి జరుపుకుంటూ పోయి, సముద్రం ఒడ్డున ఆగింది. "ఇది బాగుంది. పక్కనే సముద్రం." అది కోపెన్‌హేగన్.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ గుణం అమ్మదే, ఒప్పుకోదు. మూడు రోజులు వాదించి, నాలుగో రోజు పటం చుట్టి మూలకు విసిరేసి, "సరే, నీ ఇష్టం. అక్కడే పోదాం. నీకే తెలుస్తుంది" అన్నాను. అదే రోజు టికెట్లు రాయించాను. తప్పని తెలిసీ, నా మాటే నెగ్గాలన్న పంతంతో, కళ్లు పోతున్న తల్లికి మిగిలిన ఒక్క అవకాశాన్ని పాడుచేశాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడు విమానాలు మారి దిగేసరికి పొద్దున్న తొమ్మిదైంది. రైల్లో ఊళ్లోకి వచ్చి, స్టేషన్ మెట్లు దిగి బయటికొచ్చాం. ఎండ ఉంది, కానీ ఆ ఎండలో వేడి లేదు. అలాంటి ఎండ ఉంటుందని నాకు తెలియదు. ఎదురుగా వీధి పొడవునా పెద్ద పెద్ద చెట్లు. ఒక్కదానికీ ఆకు లేదు. ఒక్కటంటే ఒక్కటి. ఆ కొమ్మల వెనక ఆకాశం ఎంత నీలంగా ఉందో, నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "హరికేన్ ఎప్పుడొచ్చింది ఇక్కడ?" అని గొంతు తగ్గించి అడిగింది. మళ్లీ అటూ ఇటూ చూసి, "ఇళ్లకు ఏం కాలేదు. కప్పులు అన్నీ ఉన్నాయి. ఎలాగ?" అంది.

ఏ వసంతం చూపిద్దామని తెచ్చానో దాని ఆనవాలు కూడా లేదు. ఇక్కడ చలికాలం ఇలాగే ఉంటుందమ్మా, ఇంకా పోలేదు, నాదే తప్పు, అని చెబుతుండగానే అమ్మ నా చెయ్యి వదిలేసి దగ్గరలో ఉన్న చెట్టు వైపు నడిచింది. చేతి తొడుగు పళ్లతో లాగేసింది. చేతికందిన సన్నకొమ్మ పట్టుకుని, బొటనవేలి గోరుతో గీరి, కంటికి ఆనించి చూసింది.

లోపల లేత పచ్చదనం తడితడిగా మెరిసింది.

"జిందా హై," అంది అమ్మ. పక్క చెట్టు దగ్గరికి పోయింది. అదీ పచ్చగానే ఉంది. మూడోది కూడా. "అన్నీ జిందా బేటీ. ఇంత పెద్ద ఊరు, అన్నీ జిందా!" ఆ ముసలి గొంతులో వణుకు చలివల్ల కాదు. పాఠంలో వందసార్లు చెప్పిన సంగతే. అయినా ఒక ఊరి చెట్లన్నీ చచ్చినట్టు నిలబడి, లోపల చడీచప్పుడు లేకుండా బతికి ఉండటం ఇంత పెద్ద విషయమని నాకు ఆ నిమిషం దాకా తెలియదు.

తర్వాతి రోజులు రాజభవనం, మ్యూజియం ఏవీ చూడలేదు. హోటల్ వెనక పార్కులోనే తిరిగాం. అక్కడ మన్ను ఇంకా గడ్డకట్టినట్టే ఉంది, అందులోంచి ఆకుల తోడు కూడా పెద్దగా లేకుండా ఊదారంగు పూలు వందలుగా లేచాయి. ఎవరూ నీళ్లు పోయలేదు, వానా లేదు. అమ్మ కొంగు దోపుకుని, కోటుతోనే మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కో పువ్వునూ తన బొప్పాయి గొట్టంలోంచి చూసింది. నేనూ పక్కన కూర్చున్నాను.

మూడో రోజు, అమ్మ ఒక కొమ్మను గీరుతుంటే తోట పని చేసే ఒకావిడ పరుగున వచ్చింది. మొహం చూస్తే తిట్టడానికే వస్తోందని తెలిసింది. మా దీవుల్లో హరికేన్ తర్వాత చెట్టు బతికిందో లేదో ఇలాగే చూస్తామని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె కాసేపు అమ్మ బొటనవేలిని చూసింది. తర్వాత చేతి తొడుగు తీసేసి, పక్క చెట్టు కొమ్మ ఒకటి కిందికి వంచి, అమ్మ వేళ్లను దాని చివర పెట్టింది. చిటికెన వేలి కొసంత మొగ్గ, జిగురుగా ఉంది.

"మీరు నెల రోజులు తొందరపడ్డారు. అప్పుడైతే ఆకులు చూసేవారు," అంది ఆమె నాతో.

అమ్మకు ఆ ముక్క చెప్పకుండా దాచాలనిపించింది. కానీ ఏమంది ఏమంది అని ప్రాణం తీసింది, చెప్పేశాను. అమ్మ ఆ జిగురు వేళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తూ, "ఆకు మన ఊళ్లో రోజూ చూస్తా. ఇది ఎక్కడ చూస్తా?" అంది.

ఐదో రోజు ఉగాది. అమ్మ చేతిసంచీలోంచి పొట్లాలు బయటికొచ్చాయి. నవంబరు వేపపువ్వు, ఎండు మామిడి, చింతపండు, కారం, ఉప్పు, లౌటోకా చక్కెర. నాకు తెలియకుండా సర్దుకుందన్నమాట! హోటల్ గది కిటికీ దగ్గర, కాఫీ కప్పులో కుళాయి నీళ్లు పోసి, కాఫీ చెంచాతో కలిపింది. వేపపువ్వు నీళ్లలో విచ్చుకుంటుంటే ఇద్దరం వంగి చూశాం. కిటికీ బయట కొమ్మలు బోడిగానే ఉన్నాయి. నా నోట్లో చేదు తగలగానే ఏడుపొచ్చింది. "నిన్ను పంతానికి తీసుకొచ్చాను అమ్మా" అన్నాను. "తెలుసు. నేను కూడా పంతానికే వచ్చాను" అని ఇంకో చెంచా నా నోట్లో పెట్టింది. ఎడంచేత్తో పెట్టింది. కుడి బొటనవేలి గోరు కింద చేరిన పచ్చదనం పోతుందని ఆ చెయ్యి సరిగా కడగనే లేదు.

సెవిల్ పోయుంటే నారింజ పూత చూసేవాళ్లం. నాకు ఇప్పుడు ఆ బెంగ లేదు.

మరుసటి ఏడాది ఉగాదికి అమ్మకు చూపు పూర్తిగా పోయింది. చెయ్యి పట్టుకుని హాలుకు తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టాను. బయట వాన రేకుల మీద మోగుతోంది. పూజారి సంకల్పం చెబుతూ వసంత ఋతువు అని, అలవాటుగా ఆగాడు. హాలంతా నవ్వడానికి సిద్ధంగా ఉంది. అమ్మ తలెత్తలేదు. తడుముకుని నా చెయ్యి అందుకుంది. బొటనవేలి గోరుతో నా మణికట్టు మీద మెల్లగా గీరింది.

"ఉంది," అంది.