ఎవరు కాదు, ఎటునుంచి

ఆజం భాయ్ ఏ ఇంటికి పోయినా ముందుగాల దర్వాజ కొట్టడు. ఆ ఇంటి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చి, అప్పుడు కొడతడు. పెళ్ళిల్లయినా, చావిల్లయినా, బ్యాంకయినా ఇదే వరస. ఎందుకు భాయ్ అంటే "ఇంకో దారి ఉన్నదేమో చూస్తున్న తమ్మీ" అంటడు. ముందర గింత పెద్ద దర్వాజ ఉంటే ఇంకో దారెందుకు అంటే నవ్వుతడు. ఈ మనిషి మాటలు నాకు ఎప్పుడూ సగమే అర్థమైతయి. మిగతా సగానికి తలూపుత.

ఖమ్మంలో వాళ్ళ అబ్బా, అంటే నాయిన, తాళాలు బాగుచేసేటోడు, ఈయన కంప్యూటర్లు బాగుచేస్తడు. యాభై దాటినయి. నెలకోసారి సంచిల ల్యాప్‌టాప్ పెట్టుకొని, బస్సెక్కి బూర్గంపాడులోని మా ట్రస్టు దవాఖానాకు వస్తడు. అక్కడ నేను ఆఫీసు ఇన్‌చార్జిని. నా పేరు వీరబాబు. నాకు ముక్కు మీద కోపం అంటరు. గట్ల అనేటోళ్ళంటే నాకు మస్తు కోపం.

ఒకసారి భద్రాచలంల మా బావమరిది గృహప్రవేశానికి ఆయన్ను తీసుకపోయిన. వచ్చుడు వచ్చుడే కొత్తింటి చుట్టూ నడక మొదలుపెట్టిండు. మా అత్త చూసి, ఇదేదో శాస్త్రం అనుకొని చెంబు పట్టుకొని వెనకాల నడిచింది. అత్త వెనకాల పదిమంది. అయ్యగారు పరేషాన్ అయి, "ఇది ఏ పద్ధతి బాబూ?" అని నన్నడిగిండు. నాకేం తెలుసు? నేను గూడ ఒక చుట్టు తిరిగొచ్చిన.

మణుగూరుల ఒక బ్యాంకు వాచ్‌మన్ ఆయన్ను పట్టుకోనే పట్టుకున్నడు.

"వెనకాల ఏం జేస్తున్నవ్?"

"మీ బాత్రూం కిటికీకి చువ్వలు లేవు. మనిషి దూరతడు."

"నీకెట్ల తెలుసు?"

"పట్టి చూసిన."

మేనేజర్‌కు కేసు పెట్టాల్నో చాయ్ పోయాల్నో తెల్వక, రెండింటికీ మనుషులను పంపిండు. చాయ్ ముందొచ్చింది కాబట్టి బతికిపోయినం.

ఇగ అసలు సంగతి. మా దవాఖానాల అడవి ఊర్ల పిల్లలకు తల్లిదండ్రుల నుంచి వచ్చే సికిల్‌సెల్ రక్తజబ్బు పరీక్ష చేస్తరు. ఫలితం ఇంటోళ్ళకు తప్ప ఎవరికీ చెప్పొద్దు. ఆ లిస్టు కంప్యూటర్‌ల ఎక్కించేది రూప్లి. పక్క తండా పిల్ల, ఆరేండ్ల నుంచి ఒక్క తప్పు లేకుండ పనిచేస్తున్నది. వానలు తగ్గినంక ఒకరోజు, బిడ్డకు పరీక్ష చేయించుకపోయిన అడవి ఊరి జంపక్క మా ఆఫీసులకు గాలిదుమారం లెక్క వచ్చింది.

"నా బిడ్డ రక్తం సంగతి మణుగూరు సంతల ఎట్ల చెప్పుకుంటున్నరు? మీ రూప్లే చెప్పింది. ఊరంత అదే అంటున్నరు."

"మా అమ్మకు గూడ చెప్పలే సార్" అన్నది రూప్లి, కళ్ళల్ల నీళ్ళు పెట్టుకొని.

"లిస్టు కొట్టేది నువ్వు. నువ్వు గాకపోతే ఇంకెవరు?" అని నేను లేచిన. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నాలుక కరుచుకోబుద్ధైతది.

డాక్టర్ సుజన మేడం ఇద్దరినీ ఆపింది. "శనివారం దాకా చూద్దాం. ఏదీ తేలకపోతే రూప్లిని పని నుంచి తీసెయ్యక తప్పదు" అన్నది.

ఆజం భాయ్‌ని పిలిపించినం. దవాఖానా చుట్టూ ఒకటి గాదు, రెండు చుట్లు తిరిగిండు. అంటే కేసు పెద్దదే. లోపలికొచ్చి కూసోంగనే నేను అందుకున్న.

"ఎవరు చెప్పిన్రు భాయ్?"

"ఎవరు అని నేను అడగ తమ్మీ. ఎటునుంచి పోయిందని అడుగుత."

"ఎటునుంచేంది? నోట్లెకెళ్ళి పోయింది!"

ఆయన నన్ను పట్టించుకోకుండ ల్యాప్‌టాప్ తెరిచిండు. మా దవాఖానాకు ఇంటర్నెట్‌ల ఒక పేజీ ఉన్నది. డాక్టర్ టైములు, క్యాంపు ఫొటోలు అందుల ఉంటయి. దాన్ని చూపించేది ఒక ప్రోగ్రాం.

"ప్రోగ్రాం తనంతట తాను నడవదు. దాన్ని నడిపించేదాన్ని రన్‌టైమ్ అంటరు" అన్నడు.

"అవ్" అని తలూపిన.

"ఆ రన్‌టైమ్‌కు మనం ముందే చెప్పి పెట్టినం. ఈ ప్రోగ్రాం ఫొటోల ఫోల్డర్ తప్ప ఇంకేదీ తెరవొద్దని. ఏది తెరవబోయినా అది ఆపి చూస్తది."

"వాచ్‌మన్ అన్నట్టు. మరి నిద్రపోయిండా?"

"మేల్కొనే ఉన్నడు. పేరు చూసిండు, అది ఎక్కడికి పోతదో చూడలే."

నా మొఖం చూసి ఆజం భాయ్ లేచిండు. ఓపీ గది బోర్డు పీకి, మందుల గది తలుపుకు తగిలించిండు. "మనుషుల్ని ఓపీకి తప్ప ఎటూ పంపొద్దని వాచ్‌మన్‌కు చెప్పినవ్. వాడు ఈ బోర్డు చూసిండు. పంపుతడా?"

"పంపుతడు."

"పోయినోడు యాడ తేలుతడు?"

"మందుల గదిల."

"గదే."

హమ్మయ్య అర్థమైంది అనుకునేలోపు నలుగురు పేషెంట్లు బోర్డు చూసుకుంట మందుల గదిలకు పోయి వరసగ కూసున్నరు. ఒకాయన అంగీ బొత్తాలు గూడ విప్పిండు. వాళ్ళను బయటికి తెచ్చేసరికి నాకు అర్థమైంది కాస్తా పోయింది.

సంగతేందంటే, ఫొటోల ఫోల్డర్‌ల ఒక లింకు ఉన్నదట. పేరు చూస్తే ఫొటోల్ల ఒకటే. నొక్కితే మాత్రం ఫలితాల లిస్టు తెరుచుకుంటది. ఎవరో ఫోన్‌ల మా ఫొటోలు చూసుకుంట దాన్ని నొక్కిన్రు. ఆ రన్‌టైమ్ చేసినోళ్ళు గూడ తప్పు ఒప్పుకొని, బాగుచేసిన కొత్త వెర్షన్ వదిలిన్రట.

"ఆ లింకు పెట్టిందెవరు?" అని బల్ల గుద్దిన. "నాకు పేరు కావాలె!"

"పేరుతోటి ఏం జేస్తవ్ తమ్మీ?"

"వాని సంగతి చూస్త!"

ఆజం భాయ్ గ్లాసు నా ముందుకు జరిపిండు. "మంచినీళ్ళు తాగు" అన్నడు.

ముందు పేజీ బంద్ చేసిండు. లింకు తీసేసిండు. కొత్త వెర్షన్ ఎక్కించిండు. అయినా తృప్తిగాక, ఫలితాలన్నీ ఇంటర్నెట్‌తోని సంబంధం లేని ఇంకో కంప్యూటర్‌లకు మార్చిండు. "కొత్త వాచ్‌మన్ గూడ పొరపడొచ్చు. పొరపడ్డా లోపల దొరకనీకి ఏం ఉండొద్దు" అన్నడు. శనివారం పొద్దున మేడం చేతికి ఒక కాగితం ఇచ్చిండు. లిస్టు తెరిచింది బయటి ఫోన్ నుంచి, రూప్లి ఎవరికీ చెప్పలేదు, దారి తెరిచి ఉండె, మూసినం. కింద సంతకం.

"రూప్లీ, పోయి పని చూసుకో" అన్నది మేడం.

రూప్లి పోలే. "దవాఖానాల నా పేరు బాగైంది మేడం. ఊర్లల్ల బాగుగాలే. బోరింగు కాడ ఎవరూ నాతోని మాట్లాడ్తలేరు. ఆ కాగితం వాళ్ళెవరు చదువుతరు?" అన్నది.

సోమవారం హాలు కంప్యూటర్ ముందు కూసున్న. నా 'జల్దీ' తెరుచుకుంటలేదు! మోకాళ్ళ నొప్పికి మాటిమాటికి లోపలి గదికి పోలేక, వానకాలంల ఎట్ల చెయ్యాల్నో ఫోన్‌ల చూసుకుంట కంప్యూటర్‌ల ఒక లైను కొట్టి పెట్టుకున్న ఏర్పాటు అది. నాకు ఒళ్ళు మండింది. ఆజం భాయ్‌కి ఫోన్ కొట్టిన.

"ఏంది భాయ్, నువ్వు బాగుచేసినంక నా జల్దీ పోయింది! ఎవరు తీసేసిన్రు?"

"ఏ జల్దీ తమ్మీ?"

"అదే భాయ్, ఫొటోల ఫోల్డర్‌ల నేను పెట్టుకున్న గద. ఒక్కసారి నొక్కితే సీదా ఫలితాల..."

చెప్తుంటెనే తెలిసింది, ఆ లింకు నాదే. అవతల ఆజం భాయ్ దగ్గిండు.

"చాయ్ తాగినవా?" అన్నడు.

"నీకు ముందే తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. లింకు పెట్టినోళ్ళ పేరు పక్కనే పడతది."

"మరి చెప్పవేంది!"

"చెప్తే నిన్ను తిట్టి, పని నుంచి తీసేసి, అందరు ఇండ్లకు పోయేటోళ్ళు. దారి గట్లనే ఉండేది. మా అబ్బా దొంగతనమైన ఇంటికి పోతే, అందరు పనిమనిషి దిక్కే చూస్తుండేటోళ్ళట. ఆయన ఒక చుట్టు తిరిగి, ఇంటి వెనకాల విరిగిన గడియ చూపించేటోడు. ఆమె కొంగుతోటి కళ్ళు తుడుచుకొని మళ్ళ పనిలకు పోయేది. గంతే తమ్మీ. నువ్వే అడుగుతవని చూస్తున్న. జల్దీనే అడిగినవ్."

సిగ్గుతోని చచ్చిపోయిన. పోయి మేడంకు చెప్పిన. ఆమె తిట్టాల్సినంత తిట్టి, "చెప్పాల్సింది నాకు కాదు" అన్నది. ఆదివారం నేను, రూప్లి, ఆజం భాయ్ ఆటో మాట్లాడుకొని జంపక్క ఊరికి పోయినం. వాకిట్ల నిలబడి, రూప్లి చేతులు పట్టుకొని ముందు ఆమెకు చెప్పిన, తర్వాత జంపక్కకు చెప్పిన.

"నువ్వే చేసినవా సారూ?"

"నేనే."

"రూప్లి గాదు?"

"గాదు."

జంపక్క లోపలికి పోయి రెండు చాపలు తెచ్చి పరిచింది. తర్వాత గొంతెత్తి పక్కిండ్లోళ్ళను పిలిచింది.

"వాళ్ళెందుకక్కా?"

"రూప్లి పేరు ఊరంత చెప్పుకున్నరు. ఇప్పుడు నీ పేరు చెప్పుకోవాలె. కూసోని చెప్పు."

జంపక్క బిడ్డ సంగతి ఎత్తకుండ నా సంగతంత చెప్పిన. అయిపోయేసరికి ఇంకో ఆరుగురు వచ్చిన్రు, మళ్ళ చెప్పిన. "జల్దీ అంటే మనిషా?" అని ఒక ముసలామె అడిగింది. జంపక్కతో సహా అందరు పడి పడి నవ్విన్రు. రూప్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుతుంటే, చాప మీదున్న ఒకామె పక్కకు జరిగి, "ఇటు కూసో పిల్లా" అన్నది.

ఇగ చాలనుకొని లేచిన. జనం నడుమ కాళ్ళు మడుచుకొని కూసున్న ఆజం భాయ్ చెయ్యి ఎత్తిండు.

"నాకు సరిగ్గ అర్థంగాలే తమ్మీ. మళ్ళొకసారి మొదట్నుంచి చెప్పు."