చిన్న క్లారినెట్ అమ్మినాయన

మాదాపూర్‌లో క్లారినెట్ నేర్చుకునే రోజుల్లో మా కాలేజీ బ్యాండుకు ఇ-ఫ్లాట్ క్లారినెట్ వాయించేవాళ్లు కావలసివచ్చారు. అది మామూలు క్లారినెట్ కన్నా చిన్నది, గొంతు సన్నం. కొత్తది కొనే స్తోమత లేక, హఫీజ్‌పేట్‌లో ఎవరో పాతది అమ్ముతున్నారంటే వెళ్లాను.

ఆయన పెళ్లి బ్యాండులో వాయించిన మనిషి. మాట్లాడుతున్నంతసేపూ ఆయన వేళ్లు మోకాలి మీద ఏదో పాట వాయిస్తూనే ఉన్నాయి. జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీలో కూడా పనిచేశాడట. అక్కడే ఊపిరితిత్తులు పాడయ్యాయి.

"డాక్టర్ ఊదొద్దన్నడు. ముట్టక ఏడాదైతుంది," అన్నాడు. "నువ్వు జర ఊదు బిడ్డా, నేను వింట."

నాకొచ్చిన పెళ్లిపాట ఊదాను. పాట సగంలో ఉండగానే ఆయన భార్య వంటింట్లోంచి పిండి చేతులతో పరుగున వచ్చింది. ముఖమంతా సంతోషం. క్లారినెట్ నా చేతుల్లో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నువ్వే ఊదుతున్నవనుకున్న," అంది భర్తతో.

ఆయన తల వంచుకున్నాడు. ఆమె "మంచిగ ఊదినవ్ బిడ్డా," అని నాతో అని లోపలికి వెళ్లింది.

ఆయన క్లారినెట్‌ను పెట్టెలో సర్ది నా చేతికిచ్చాడు.

"జల్ది తీస్కపో బిడ్డా. ఆమె మళ్ల బయటికి రాకముందే పో."