ముట్టు ఎన్ని రోజులు

పిల్లలు పుట్టకుండా లూపు వేయించుకుంటానని వచ్చిన ప్రతి మనిషినీ నేను ముందుగా అడిగేది ఒకటే: "ముట్టు ఎన్ని రోజులు?" మూడంటే మూడు, అయిదంటే అయిదు, రాసుకుని రెండో ప్రశ్నకు పోతాను. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో మూడు అని చెప్పినవాళ్ళే ఎక్కువ. మా వైపు ఆడవాళ్ళు గట్టివాళ్ళని మురిసిపోయేదాన్ని కూడా. అంత తెలివి నాది.

మిరప కోతల ముందు ఒకామె వచ్చింది. ఇద్దరు పిల్లలు. రెండో కాన్పులో రక్తం పోయి చావు తప్పి బయటపడింది. మూడోది తట్టుకోలేవని డాక్టరమ్మ అప్పుడే చెప్పారు. ఆపరేషన్ చేయించుకుంటే కోతలకు పోవడం కుదరదని ఇంట్లో వద్దన్నారు. అందుకని లూపు. ముట్టు మూడు రోజులంది. రాశాను.

బల్ల ఎక్కబోతూ ఆగింది.

"ఇది వేశాక ఇంకా ఎక్కువవుద్దంట గదమ్మా? ఇప్పటికే నెలకి తొమ్మిది రోజులు పత్తి చేలో చాటు చూసుకుని గుడ్డ మార్చుకుంటన్నా."

నాకు ఒళ్ళు మండింది. "మూడన్నావుగా! అబద్ధమెందుకు చెప్పావు?"

"అబద్ధమేముందమ్మా? నాలుగో రోజు తలకి పోసుకుంటా. ముట్టు పోయినట్టేగా. పొయ్యి కాడికి రాకపోతే మా అత్త ఊరుకుంటదా? రక్తం ఎన్ని రోజులని మీరడగలా."

నిజమే, అడగలేదు.

డాక్టరమ్మ ఆమె కింది కనురెప్ప లాగి చూశారు. పాలిపోయి ఉంది. ఇంత రక్తం ఎందుకు పోతుందో తేలకుండా లూపు వేయనన్నారు. ముందు రక్త పరీక్ష, స్కానింగ్. అప్పటిదాకా వాడమని నేను నిరోధ్ పొట్లాలు ఆమె చేతిలో పెట్టాను.

"ఆయన ఇయ్యి వాడేవాడైతే నేనిక్కడికెందుకొస్తానమ్మా?" అంది. ఆయా నవ్వింది, నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డ కనపడింది. లోపలంతా వంకర తిరిగిపోయింది, లూపు పనికిరాదు, గుంటూరు వెళ్ళి పెద్ద డాక్టరుకు చూపించుకోవాలి అని డాక్టరమ్మ రాసిచ్చారు.

ఎప్పటినుంచి ఇలా అవుతోందని అడిగాను.

"చిన్నోడు పుట్టిన కాణ్ణించి. వాడికి టీకా వేయించడానికొచ్చినప్పుడు లూపు వేయించుకోమంటా మీరు ఇదే అడిగారు. అప్పుడూ మూడనే చెప్పా."

కోపంగా అనలేదు. అని ఉంటే బాగుండేది. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఎంతమందికి ఆ మూడు నమ్మి లూపు వేశానోనని భయమూ వేసింది.

ఇంట్లో నేను చెప్పడానికి ఆమె సరేనన్నాక ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. నెలకు తొమ్మిది రోజులు రక్తం పోతోందని, ఈ స్థితిలో కడుపొస్తే మనిషి దక్కదని ఆమె మొగుడికి చెప్పాను. ఆయన నన్ను వదిలేసి వాళ్ళమ్మ వైపు తిరిగాడు.

"అదేందే? నాలుగో రోజు నా పక్కకొచ్చుద్దిగా?"